వేలు తీస్తే తిరిగే గుడ్డు

మా పెద్దమ్మ రుబియాకి మతిమరుపు లేదు. ఈ మాట మొదటే ఎందుకు చెబుతున్నానంటే, మా ఊళ్ళో చాలా ఏళ్ళు ఆవిడకి మతిమరుపు అంటగట్టారు. అంటగట్టిన మనిషి పేరు హస్నా. ఆ పేరు దాచిపెట్టి ఆఖర్న బయటపెట్టేంత గౌరవం నాకు ఆ మనిషి మీద లేదు, అందుకని అదీ ఇప్పుడే చెప్పేస్తున్నాను.

మాది కెలంతాన్‌లో, సముద్రపు గాలి తగిలేంత దూరంలో, వరి పొలాల మధ్య ఊరు. పెళ్ళంటే ఊరే చేస్తుంది. డబ్బిచ్చి వంటవాళ్ళని పిలిపించుకోవడం ఈ మధ్య వచ్చిన సోకు. మగవాళ్ళు గాడిపొయ్యిలు తవ్వి, గంగాళాలు ఎక్కించి, మాంసం వండుతారు. ఆడవాళ్ళు కొబ్బరి తురుముతారు, మసాలా నూరుతారు, బుట్టల కొద్దీ చిన్న ఉల్లిపాయలు వలుస్తారు. ఎవరు ఏ పని చెయ్యాలో ఊరిపెద్దగారి భార్య జరియా పిన్ని చెబుతుంది. ఆవిడ ఒకసారి చెప్పిందంటే ఆ పని ఆ మనిషికి ఇంటిపేరైపోతుంది. మసాలా తిజా అని ఒకావిడ ఉండేది. ఆవిడ తండ్రి పేరు ఎవరికీ గుర్తులేదు.

పనులన్నిట్లో గొప్పది గుడ్ల పని. పెళ్ళికి వచ్చిన ప్రతి మనిషికీ, తిని వెళ్ళేటప్పుడు, ఉడికించి ఎర్ర రంగు వేసిన గుడ్డు చేతిలో పెట్టి పంపాలి. కాగితం పువ్వు కాడకి చిన్న గిన్నెలాంటిది కట్టి, అందులో గుడ్డు కూర్చోబెడతాం. కొత్త జంటకి కడుపు పండాలని ఆ గుడ్డు. బిర్యానీ మాడిందంటే నవ్వి ఊరుకుంటారు గానీ, గుడ్డు అందలేదంటే తరాలు గుర్తుపెట్టుకుంటారు. గుడ్ల పెద్దకి గుమ్మం దగ్గర కుర్చీ. వెళ్ళే ప్రతివాళ్ళూ ఆవిడ చెయ్యి తాకి, బాగున్నావా అని అడిగి, గుడ్డు పుచ్చుకుని వెళ్ళాలి. ఆ పూటకి పెళ్ళికూతురి తల్లికన్నా ఆవిడే గొప్ప.

మా పెద్దమ్మ పెళ్ళైన కొత్తలోనే ఆ కుర్చీ ఎక్కింది. ఎందుకెక్కిందో గుడ్లు ఉడికిస్తుంటే చూసినవాళ్ళకి తెలుస్తుంది. గుడ్లని నీళ్ళలో వేసి వదిలేసే రకం కాదు. పొడుగు తెడ్డుతో మెల్లగా కదుపుతూనే ఉంటుంది, పచ్చసొన ఒక పక్కకి పోకుండా. దించాక బావి నీళ్ళు పోసి, గడ్డి మీద ఆరబెట్టి, మళ్ళీ వేడినీళ్ళలో కలిపిన రంగులో ముంచుతుంది. వేడి రంగే వెయ్యాలి, చల్లటి రంగు చెమట చేతికి అంటుతుంది అనేది. ప్రతి పెళ్ళి తర్వాతా చాలా రోజులు ఆవిడ వేళ్ళు ఎర్రగానే ఉండేవి. ఆ వేళ్ళు కనబడేలా సంతలో చేతులు ఊపుకుంటూ నడిచేది. గర్వం ఉండేది, లేదని నేననను.

మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. మా పెదనాన్న దారుస్ బొంగరాలు చేసేవాడు. పిల్లలాడుకునేవి కావు, పళ్ళెమంత వెడల్పున్న పోటీ బొంగరాలు, అంచుకి సీసం పట్టీ పోసినవి. ఆయన ఒక్క బొంగరం తిప్పితే మధ్యాహ్నం భోజనం చేసి వచ్చినా తిరుగుతూనే ఉండేది. వాళ్ళకి పిల్లలు లేరు. ఉన్నదంతా నేనే.

నా పెళ్ళికి గుడ్లు ఎవరు ఉడికిస్తారు అని ఎవరూ అడగలేదు. అడగాల్సిన పనేముంది. పెద్దమ్మే ఉడికించింది, రంగు వేసింది, బుట్టల్లో సర్దింది. ఆవిడ చేతికింద హస్నా ఉండేది, అప్పటికి కొన్నేళ్ళుగా. హస్నా మాటలు తేనెలా ఉంటాయి, అక్కా అక్కా అని కొంగు పట్టుకు తిరిగేది. నాకు నగలు పెట్టి తల దువ్వాల్సిన వేళ వచ్చేసరికి పెద్దమ్మ, "గుడ్ల దగ్గర నువ్వు కూర్చోవే, పిల్లని ముస్తాబు చేసి వస్తా" అని హస్నాని కూర్చోబెట్టి నా దగ్గరికి వచ్చింది. నా జడలో పువ్వులు పెడుతూ ఏడ్చింది. ఆ కాసేపే ఆవిడ గుడ్ల దగ్గర లేనిది.

సాయంత్రం మగపెళ్ళివారు వెళ్తున్నారు. మా ఆయన మేనత్తకి ఆకలి ఎక్కువ. బండి ఎక్కుతూనే గుడ్డుని బండి తలుపుకి కొట్టింది. పచ్చిసొన ఆవిడ నడుముకి చుట్టుకున్న కొత్త జరీ సారంగు మీద మోకాళ్ళ దాకా కారింది. ఆవిడ అరిచిన అరుపుకి ఇంకొకళ్ళు తమ గుడ్డు పగలగొట్టి చూశారు. అదీ పచ్చిదే. మూడోది ఉడికింది. నాలుగోది మళ్ళీ పచ్చి. ఉడికినవీ పచ్చివీ కలిసిపోయి ఉన్నాయి, ఏది ఏదో చూపుకి తెలియదు, చేతికీ తెలియదు. అన్నీ ఒకే ఎరుపు. వాకిట్లో నిలబడి జనం గుడ్లు పగలగొట్టడం మొదలుపెట్టారు. నా పెళ్ళి ముగిసింది ఆ కంపులో.

"పచ్చి గుడ్లిచ్చి పచ్చి దీవెన పెట్టారు," అంది మేనత్త.

బహులు చెయ్యడానికి తెచ్చిన పచ్చి గుడ్లు ఒక ట్రే వంటింట్లో ఉండేది. బహులంటే గుడ్లూ చక్కెరా పిండీ గిలక్కొట్టి ఇనప అచ్చుల్లో కాల్చే చిన్న కేకులు. ఆ ట్రే ఇప్పుడు ఖాళీ. జరియా పిన్ని ఆ ఖాళీ ట్రేని తీసుకొచ్చి పెద్దమ్మ ముందు పెట్టింది.

పెద్దమ్మ ఏదో చెప్పబోయింది. అప్పుడు హస్నా, అందరికీ వినబడేట్టు, ఎంతో జాలిగా అంది: "అక్కనేమీ అనకండి. ఈ మధ్య మర్చిపోతోంది పాపం. నిన్న ఉప్పు రెండుసార్లు వేసింది, నేనే చూసీచూడనట్టు ఊరుకున్నా."

దాంతో అయిపోయింది. తర్వాతి పెళ్ళికి జరియా పిన్ని గుడ్లు హస్నాకి ఇచ్చింది. పెద్దమ్మకి చిన్న ఉల్లిపాయల బుట్ట చూపించింది. ఉల్లిపాయలు వలవడం కొత్తగా ఈడేరిన పిల్లలకీ, పని చేతకాని కోడళ్ళకీ ఇచ్చే పని. పెద్దమ్మ వాళ్ళ మధ్య పీట వేసుకుని కూర్చుని వలిచింది. కళ్ళు తుడుచుకుంటే ఏడుస్తోందంటారని తుడుచుకునేది కాదు. పక్కన పిల్లలు "కళ్ళు కడుక్కో అవ్వా" అంటే, "అవ్వ మీ నాయనమ్మ, నేను కాదు" అనేది.

నా సంగతీ చెప్పాలి. నాకు మొదటి బిడ్డ పుట్టడం ఆలస్యమైంది. ఆ ఆలస్యమంతా ఆ గుడ్ల ఖాతాలోకే పోయింది. మా అత్తగారు నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "పచ్చిగుడ్డు కోడలు" అనేది, వచ్చినవాళ్ళ ముందు కూడా. ఇద్దరు కొడుకులు పుట్టాక కూడా ఆ మాట పోలేదు. హస్నా నా వైపు చూసి నవ్వినప్పుడల్లా నాకు చెయ్యి దురదపెట్టేది.

"కలిపింది అదే," అని పెద్దమ్మ ఆ రోజే నాతో అంది. "నేను నీ జడ వేస్తున్నప్పుడు కలిపింది. నాకు తెలుసు, దానికి తెలుసు. సాక్ష్యం మాత్రం లేదు."

తర్వాత ఏడాది పెదనాన్న పోయాడు. ఆయన బొంగరాలు వసారాలో వరసగా ఉండేవి. కొన్నేళ్ళకి ఒకరోజు నేను పిల్లవాణ్ణి చంకనేసుకుని వెళ్ళేసరికి పెద్దమ్మ వసారాలో చెక్కల మీద కూర్చుని, గుడ్లు తిప్పుతోంది. నిజంగానే మతి పోయిందేమో అని నాకు ఒక్క క్షణం భయం వేసింది.

"ఇటు రా కల్సోం. ఈ రెంట్లో ఏది ఉడికిందో చెప్పు."

నేను చేతిలోకి తీసుకుని చూశాను. చెవి దగ్గర ఊపాను. చెప్పలేకపోయాను.

"ఆ ముక్కుపుల్ల మేనత్త కూడా చెప్పలేకపోయింది. ఇప్పుడు చూడు." ఒక గుడ్డుని రెండు వేళ్ళతో పట్టి గట్టిగా తిప్పింది. అది బొంగరంలా తిరిగింది, తిరిగి తిరిగి మొనమీద లేచి నిలబడింది. "ఇది ఉడికింది. లోపలంతా ఒకటే ముద్ద, పెంకుతోపాటే తిరుగుతుంది. ఇది చూడు." రెండోదాన్ని తిప్పింది. అది తాగినవాడిలా తూలుతూ, బద్ధకంగా రెండు చుట్లు తిరిగింది. "లోపల నీళ్ళు. పెంకు తిరిగితే లోపలిది వెనక పడుతుంది. పెదనాన్న ఏమనేవాడు? సీసం వదులైన బొంగరం కొట్టుకుంటుంది అనేవాడు కాదూ? అదే. మొన్న కుర్రాళ్ళు తిప్పిన ఆయన బొంగరం ఒకటి కొట్టుకుంటుంటే చూశా, అప్పుడు తట్టింది."

"ఇదేదో ఆ రోజే తెలిసుంటే," అన్నాను. 

"ఇంకా ఉంది." పచ్చి గుడ్డుని మళ్ళీ తిప్పింది, తిరుగుతుండగా దాని మీద చూపుడు వేలు పెట్టింది. ఆగింది. వేలు తీసింది. గుడ్డు దానంతటదే మళ్ళీ మెల్లగా తిరగడం మొదలెట్టింది. మా వాడు చంకలోంచి కిందకి వంగి చూశాడు. "పెంకునే ఆపాం. లోపలిది ఆగలేదు, తిరుగుతూనే ఉంది. వేలు తియ్యగానే పెంకుని కూడా లాక్కుపోతోంది. ఉడికింది ఇలా చెయ్యదు, ఆపితే ఆగిపోతుంది."

గుడ్డు ఆగేదాకా చూసింది. తర్వాత, "నన్నూ ఇలాగే ఆపారు," అంది. "ఆగాననుకుంటున్నారు."

ఊళ్ళో అందరికీ చూపిద్దాం అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆ రోజు గుడ్లు ఏనాడో పెంటలో కలిశాయి, ఇప్పుడు చూపిస్తే ముసలమ్మ ఆట అంటారు, అంతే కదా అంది. "హస్నాకి కూతురుంది. దానికీ పెళ్ళవుతుంది. అప్పటిదాకా ఇది మనిద్దరి మధ్యే."

ఆ పిల్ల నోర్లియా అప్పటికి బడికి పోతోంది. పెద్దమ్మ ఆగింది. ప్రతి పెళ్ళిలోనూ ఉల్లిపాయలు వలుస్తూ, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న హస్నాని చూస్తూ ఆగింది. హస్నా చల్లటి రంగు వేసేదని, అది అందరి చేతులకీ అంటేదని నేను గమనించాను. పెద్దమ్మ గమనించలేదా? అంతకన్నా ముందే గమనించింది.

నోర్లియాకి పట్నం సంబంధం కుదిరింది. పిల్లవాడు బడిపంతులు, వాళ్ళవాళ్ళు పరువు గలవాళ్ళు. హస్నా ఊరంతా తిరిగి పిలిచింది. మా పెద్దమ్మని పిలవడానికి వచ్చి, వసారా మెట్టు మీదే నిలబడి, "ఉల్లిపాయలకి నువ్వుంటావు కదక్కా, నీ చేతికి ఉల్లిపాయలు బాగా అలవాటు" అంది.

"తప్పకుండా ఉంటా," అంది పెద్దమ్మ. "నీ కూతురి పెళ్ళి కోసం ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నానో నీకు తెలీదు."

హస్నా నవ్వింది గానీ ఆ నవ్వు మెట్లు దిగేసరికే పోయింది.

పెళ్ళికి రెండు రోజుల ముందు పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని అహ్ సెంగ్ కొట్టుకి వెళ్ళింది. హస్నా ఆడపడుచు అక్కడ చక్కెర తూయించుకుంటోంది. పెద్దమ్మ ఆవిడ లోపలికి వెళ్ళేదాకా బయటే, చేపలు ఊరబెట్టి చేసే బుడు సీసాలు చూస్తూ నిలబడిందని నాకు తర్వాత గుర్తొచ్చింది.

"ఒక ట్రే గుడ్లియ్యి," అంది అహ్ సెంగ్‌తో, గట్టిగా. "ఎర్ర రంగు కూడా ఒక పొట్లం."

"మీ ఇంట్లో పెళ్ళా?" అన్నాడతను.

"మా ఇంట్లో కాదు. పెళ్ళైతే ఉంది."

ఆడపడుచు చక్కెర పొట్లం అక్కడే మర్చిపోయి వెళ్ళిపోయింది. నాకు లోలోపల ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. హస్నా వియ్యపురాలి ఒళ్ళో పచ్చిసొన కారుతున్నట్టు, ఆ కారడాన్ని నేను పక్కన నిలబడి చూస్తున్నట్టు ఊహించుకుంటూ ఇంటికి నడిచాను. పాపం అనిపించలేదా అంటే, లేదు.

"ఎప్పుడు కలుపుతావు పెద్దమ్మా?" అని అడిగాను.

"నువ్వు ఉల్లిపాయల కత్తులు నూరి పెట్టు," అంది.

మర్నాడు సాయంత్రం పెద్దమ్మ అరిటాకులు ఇచ్చే నెపంతో హస్నా ఇంటికి వెళ్ళింది. గుడ్ల బుట్టలు వసారాలో సర్ది ఉన్నాయి. వాటి పక్కనే కూర్చుని మంచినీళ్ళడిగింది. హస్నా నీళ్ళకి లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పెద్దమ్మ ఒక కాగితం పువ్వుని సవరిస్తోంది. "చాలా బాగా సర్దావే," అని నీళ్ళు తాగి వచ్చేసింది.

అప్పటికప్పుడు హస్నా బుట్టలన్నీ పడగ్గదిలో పెట్టి తాళం వేసిందట. పెళ్ళికూతుర్ని ముస్తాబు చెయ్యాల్సిన గది అది. నోర్లియా పాపం వంటింటి పక్క కొట్లో కూర్చుని కాటుక పెట్టుకుంది.

పెళ్ళిరోజు పొద్దున మేం వెళ్ళేసరికి హస్నా తాళంచెవి నడుముకి కట్టుకుని తిరుగుతోంది. ముఖం పీక్కుపోయింది. పెద్దమ్మ పీట మీద కూర్చుని కత్తి పట్టుకుంది. వేళ్ళు గోళ్ళ మొదళ్ళదాకా ఎర్రగా ఉన్నాయి. అన్నేళ్ళ తర్వాత ఆ వేళ్ళు ఎర్రగా ఉండటం ఉల్లిపాయల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళందరూ చూశారు. హస్నా కూడా చూసింది.

"అవేంటక్కా చేతులు?"

"ఏదో పాత అలవాటు," అంది పెద్దమ్మ. "నువ్వేమన్నా తిన్నావా? ముఖం అలా ఉందేం? కల్సోం, ఆ డబ్బా ఇటివ్వు." బహులు తెచ్చింది ఆవిడ, బంగారు రంగులో కాల్చినవి. అందరికీ పంచింది. హస్నా వద్దంటూనే టీతో రెండు తింది. తింటూ కూడా ఆ వేళ్ళనే చూస్తోంది.

ఎండెక్కింది. డప్పుల మోత రోడ్డు మలుపు దగ్గర వినిపించింది. పెళ్ళికొడుకు వచ్చేస్తున్నాడు. మా వైపు గుమ్మం దగ్గర వస్త్రం అడ్డం పట్టి, పెళ్ళికొడుకుని ఆపి, వేళాకోళమాడి కాసేపటికి లోపలికి వదులుతారు. ఆ కాసేపే హస్నాకి మిగిలింది. గబగబా మా దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఒకసారి లోపలికి రా."

"ఉల్లిపాయలున్నాయి."

"ఒక్క మాట. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఇక్కడే చెప్పవే. వీళ్ళంతా మనవాళ్ళేగా."

హస్నా చుట్టూ చూసింది. డప్పులు దగ్గరయ్యాయి. వంగి, పళ్ళ సందులోంచి అంది: "ఏవి కలిపావు? ఏ బుట్టలో?"

"ఏంటి కలిపేది?"

"పచ్చి గుడ్లు. నాకు తెలీదనుకోకు. కొట్లో కొన్నావు. నిన్న సాయంత్రం నన్ను నీళ్ళకి పంపావు. ఆ చేతులు చూడు."

ఉల్లిపాయల కత్తులన్నీ ఆగాయి. కొబ్బరి తురిమేవాళ్ళు కూడా తలలెత్తారు. జరియా పిన్ని అప్పుడే మసాలా దగ్గర్నుంచి వచ్చి వెనక నిలబడింది. పెద్దమ్మ ఆవిణ్ణి చూసింది. హస్నా చూడలేదు.

"పచ్చిగుడ్లు ఉడికినవాటిలో ఎలా కలుస్తాయే?" అంది పెద్దమ్మ, మెల్లగా. "మతిమరుపుంటే కలుస్తాయి, అది నువ్వే చెప్పావు. కావాలని ఎవరన్నా కలపగలరా? వేడి రంగులో ముంచితే పచ్చిగుడ్డు పగిలిపోదూ?"

"చల్లటి రంగులో ముంచితే పగలదుగా," అంది హస్నా విసుగ్గా. "ముంచి ఆరబెడితే నీక్కూడా తేడా తెలీ..."

అక్కడ ఆగింది. ఆగినా లాభం లేకపోయింది. మసాలా తిజా చేతిలో రోకలి అలాగే ఉండిపోయింది.

"నిజమే," అంది పెద్దమ్మ. "ఆ రోజు నాకు తేడా తెలీలేదు. నేను ఏనాడూ చల్లటి రంగు వెయ్యలేదు. ఎన్ని కలిపావే? చెబితే నేనూ అన్నే కలిపానో లేదో చెబుతా."

గుమ్మం దగ్గర కుర్రాళ్ళు వస్త్రం అడ్డం పట్టారు, నవ్వులు వినిపిస్తున్నాయి. హస్నా మోకాళ్ళ మీద కూలబడింది. "ఒక ట్రే," అంది. "ఒక్క ట్రేనే అక్కా. నిన్ను ఒక్కసారి తప్పుపట్టాలనుకున్నా. ఎప్పుడూ నువ్వే కుర్చీలో ఉంటే నాకు... ఇంత అవుతుందనుకోలేదు. నా పిల్ల పెళ్ళి. దాని మీద తీర్చుకోకు."

నేను కత్తి కింద పెట్టేశాను. పట్టుకుని ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. "నాదీ పెళ్ళే," అన్నాను. "నేనూ పిల్లనే." హస్నా నా ముఖంలోకి చూడలేకపోయింది. జరియా పిన్ని మాత్రం చూసింది, ఆవిడ ముఖం మాడిపోయి ఉంది.

"బుట్టలు పట్రా," అంది పెద్దమ్మ. "పగలగొట్టకుండా చూపిస్తా."

బుట్టలు వచ్చాయి. పెద్దమ్మ ఇత్తడి పళ్ళెం బోర్లించి, ఒక గుడ్డుని కాగితం పువ్వులోంచి తీసి హస్నా చేతిలో పెట్టింది. "నువ్వే తిప్పు. వేలితో ఆపు. వేలు తియ్యి. మళ్ళీ తిరిగిందా, పచ్చిది. ఊరుకుందా, ఉడికింది." హస్నా తిప్పింది. మొదటి గుడ్డు పళ్ళెం మీంచి దొర్లి పడిపోబోయింది. రెండోసారి తిప్పింది, ఆపింది, వేలు తీసింది. ఊరుకుంది. "ఇంకోటి," అంది పెద్దమ్మ.

ఒక్కో గుడ్డూ తీసి తిప్పింది హస్నా. తాళంచెవి నడుముకి వేలాడుతోంది, కొత్త బట్టలు చెమటకి తడిసిపోయాయి. తన చల్లటి రంగు తన చేతులకే అంటి, మోచేతులదాకా ఎర్రబడింది. ఆడవాళ్ళంతా చుట్టూ చేరి చూస్తున్నారు. గుమ్మం దగ్గర పెళ్ళికొడుకుని ఇంకా లోపలికి వదలరేంటని ఎవరో కేకేశారు. జరియా పిన్ని వెళ్ళి ఇంకాస్త వేళాకోళమాడమని కుర్రాళ్ళకి చెప్పి వచ్చింది. ఒక బుట్ట అయింది. ఇంకో బుట్ట. అన్నీ ఊరుకున్నాయి. ఆఖరి గుడ్డు కూడా ఆపితే ఆగి, వేలు తీస్తే కదలలేదు.

"అన్నీ ఉడికినవే," అంది హస్నా, నమ్మలేనట్టు.

"నువ్వే ఉడికించావుగా," అంది పెద్దమ్మ. "నేనెప్పుడు కలిపానన్నాను?"

"మరి ఆ ట్రే? నువ్వు కొన్న ట్రే ఏమైంది?"

"పొద్దున తిన్నావు. రెండు తిన్నావు. చక్కెర సరిపోయిందా?"

మొదట నవ్వింది మసాలా తిజా. తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు. నాకు ఒక్క క్షణం కోపం వచ్చింది, నిజం చెబుతున్నా. సొన కారుతుందని ఆశపడ్డ మనిషిని. మోకాళ్ళ మీద కూర్చున్న హస్నా ముఖం చూశాక ఆ కోపం పోయింది. పట్నం వియ్యపురాలి బట్టలు పాడైతే హస్నా ఇంకో నెపం వెతికేది. ఇప్పుడు వెతకడానికి ఏమీ మిగల్లేదు. తన నోటితోనే చెప్పుకుంది, తన చేత్తోనే తిప్పి చూసుకుంది.

పెళ్ళికొడుకు లోపలికి వచ్చాడు. పెళ్ళి చక్కగా జరిగింది. గుడ్లు పంచేవేళకి జరియా పిన్ని గుమ్మం దగ్గర కుర్చీ తానే దులిపి పెద్దమ్మకి వేసింది. "నాకు కళ్ళు మూసుకుపోయాయి రుబియా," అంది. పెద్దమ్మ కూర్చోలేదు వెంటనే. వెనక్కి ఉల్లిపాయల దగ్గరికి వెళ్ళి, తన కత్తి తీసి, కొంగుతో తుడిచి, పిడి వైపు హస్నాకి అందించింది. "వచ్చే పెళ్ళికి నీకు పనికొస్తుంది. పదును బాగుంటుంది, కల్సోం నూరుతుంది." అప్పుడు వెళ్ళి కూర్చుంది.

ఈ సంగతి మా అత్తగారి ఊరికి నాకన్నా ముందే చేరింది. "అయితే ఆ గుడ్లు హస్నావన్నమాట," అంది మా అత్త. కాసేపాగి, "అయినా అన్నంలో ఉప్పు ఎక్కువైంది ఇవాళ," అంది. పేరు పెట్టి పిలవడం మాత్రం ఆ రోజునుంచే మొదలుపెట్టింది.

ఇది జరిగి చాలా కాలమైంది. ఇప్పుడు పెద్దమ్మకి నడుం వంగింది, తెడ్డు తిప్పడానికి నా సాయం కావాలి. ఇప్పటికీ ఏ పెళ్ళికైనా గంగాళంలోంచి మొదటి గుడ్డు తీయగానే రంగులో ముంచదు. చల్లార్చి, చేత్తో పట్టుకుని, కర్ర ఊనుకుంటూ ఉల్లిపాయల దగ్గరికి నడుస్తుంది. పిల్లల మధ్య పీట మీద హస్నా ఉంటుంది, కళ్ళమ్మట నీళ్ళు కారుతూ. ఉల్లిపాయల ఘాటు అంటుంది. పెద్దమ్మ పళ్ళెం బోర్లించి గుడ్డు పెడుతుంది. "తిప్పి చూడవే. నాకసలే మతిమరుపు," అంటుంది.

ఒకసారి జరియా పిన్ని పక్కకి పిలిచి, "ఇంక చాల్లే రుబియా, ముసలిదైపోయింది, క్షమించెయ్" అంది.

"క్షమించా పిన్నీ," అంది పెద్దమ్మ. "ఎప్పుడో క్షమించా. ఇది గుడ్డు కోసం."

హస్నా చేతులు కొంగుకి తుడుచుకుని గుడ్డు తిప్పుతుంది. తిరుగుతుండగా వేలు పెట్టి ఆపుతుంది. అది ఉడికిందని ఆవిడకి తెలుసు, నాకు తెలుసు, అక్కడున్న పిల్లలందరికీ తెలుసు. అయినా ఆ వేలు అలాగే ఉంచేస్తుంది, తియ్యడానికి ధైర్యం చాలదు. పెద్దమ్మ తొందరపెట్టదు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి, వంగిన నడుంతో అలాగే నిలబడుతుంది.

"వేలు తియ్యి హస్నా," అంటుంది. "చూద్దాం."